కుళ్లాయప్ప సోమవారం హాజరు

చిత్రావతి పొంగి బుక్కపట్నం చెరువు నిండి మరువ మీద పారిన ఏడాది కాదు, దాని మరుసటి ఏడాది జరిగింది ఇది. వరద పోయింది. అది చేసిన పనులు పోలేదు. చేలల్లో పాత బావుల రాతి ఒరలు కొట్టుకుపోయి, గడ్డి మొలిచి, నోళ్లు మూసుకున్నాయి. అట్లాంటి బావిలో గొర్రెల కాపరి కుళ్లాయప్ప పడ్డాడు.

శనివారం సాయంత్రం పడ్డాడు. బుధవారం చెరువుకు పోయే చేపలోళ్లు చూశారు. ధర్మవరం పెద్దాసుపత్రిలో కోసి చూసిన డాక్టరు, తొడ ఎముక విరిగింది, తలకు దెబ్బ లేదు, ప్రాణం పోయింది మంగళవారం తెల్లవారుజామున అని చెప్పాడు.

గంగాధరప్పకు ఆ మాట చాలు. సోమవారం ఆ మనిషి బతికే ఉన్నాడు. సోమవారం పొద్దున వెతకడం ఆపించింది తనే.

గంగాధరప్ప హిందూపురం మనిషి. బీమా కంపెనీల తరఫున చావు కేసులు ఇరవై ఏండ్లు విచారించాడు. ఇప్పుడు సొంతంగా చేస్తున్నాడు. ఆయనకు ఒకే నియమం ఉండేది. మొహం చూడకుండా ఉన్నాడనీ అనడు, పోయాడనీ అనడు. సోమవారం ఒక్కరోజు తప్పాడు. ఎండగా ఉంది. ఫోన్ చేస్తే తెలిసేదే కదా అనుకున్నాడు.

శనివారం మూడో దినం. ఎర్రమంచి అవతల కుళ్లాయప్ప ఊరికి పోయేసరికి, సమాధి మీద పాలు పోసి అప్పుడే ఇంటికి వచ్చారు. తల్లి రామాంజినమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. భార్య సుధ గడప లోపల నిలబడింది. ఆమె కొంగు పట్టుకుని ఆరేళ్ల పాప.

"ఏమప్పా, యాడి నుంచి?" అంది రామాంజినమ్మ.

"హిందూపురం. మీ కొడుకు విషయం విచారిద్దామని వచ్చినా."

"ఇంకేం విచారిస్తావు? మనిషి పాయ. విచారించేదంతా ఇంట్లోనే ఉండాది. అదిగో నిలబడిండాది చూడు. ఊరోళ్లు లగేజీ ఆటో కట్టుకొని నా కొడుకును వెతికేకి పోయింటే, ఫోన్ చేసి వచ్చేయండి అని పిలిపించింది ఈ తల్లే. మొగుడు ఫోన్లో కనిపిస్తాండాడంట! ఎవురు చెప్పినారే నీకు అంటే నోరు తెరవదు. గోడ నయం."

సుధ తల ఎత్తలేదు.

"రేపు వాళ్లన్న వస్తాడు. పెట్టె సర్దుకోమంటి. పోనీ. పిల్ల నా కొడుకు బిడ్డ, ఈడనే ఉంటాది."

పాప అవ్వ మొహం చూసింది, అమ్మ మొహం చూసింది. కొంగు ఇంకాస్త చుట్టుకుంది.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. గంగాధరప్ప నీళ్లు అడిగాడు.

సుధ చెంబుతో పెరటి పక్కకు తెచ్చి ఇచ్చింది. గొంతు తగ్గించి, "మీ పేరు చెప్పలేదన్నా" అంది.

"ఏంటికి చెప్పలేదమ్మా?"

"అత్తకు తెలీకుండా వెతికిపెట్టమని మీకు ఫోన్ చేస్తి. ఇంటి గుట్టు బయటోనికి చెప్పినావా అని దానికొకసారి తిడతాది. అయినా మీదేముందన్నా. మీరు చూసే చెప్పినారు కదా."

గంగాధరప్ప చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. చెంబు ఖాళీ అయ్యాక కూడా కాసేపు దించలేదు.

"ఆయన వస్తువులు ఏమిచ్చినారు పోలీసులు?"

"తువ్వాల, కొడవలి, బీడీల కట్ట."

"ఫోన్?"

"ఫోన్ లేదన్నారు."

"ఫోన్ చేసి చూసింటివి కదా నువ్వు?"

"శనివారం రాత్రికి వస్తానన్న మనిషి రాకపాయ. ఆదివారమంతా కవరేజీ లేదు అనింది. మందలో ఉండే ఓబుళప్ప బావకు చేసినా అదే. సోమారం పొద్దు పుట్టక ముందే చేసినా. స్విచ్చాఫ్ అనింది."

"సోమవారం పొద్దు పుట్టక ముందే స్విచ్చాఫా? ఆ మాట నాకు చెప్పలేదే?"

సుధ ఆయన వంక వింతగా చూసింది. "చెప్పినా కదన్నా. చార్జింగ్ అయిపోయింటాది లేమ్మా అంటిరి మీరు."

నిజమే. అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. టిఫిన్ తింటూ అన్నాడు.

ఆరిపోయిన ఫోన్. ఆ ఫోన్ నుంచే సోమవారం కుళ్లాయప్ప మంద దగ్గర హాజరు వేశాడని గొర్రెల కంపెనీ చెప్పింది. రెండూ నిజం కావడానికి లేదు. చెంబు గట్టు మీద పెట్టి బస్సెక్కాడు.

కంపెనీ పేరు మందజాడ. గొర్రె చెవికి బిళ్ల వేస్తుంది. కాపరి రోజూ పొద్దున మంద దగ్గర నిలబడి ఫోన్లో నాలుగంకెలు కొట్టి పచ్చ గుర్తు నొక్కాలి. దాన్నే హాజరంటారు. ఆ హాజరు బ్లాక్‌చెయిన్‌లో ఎక్కుతుంది. అంటే ఒకచోట కాదు, ఎన్నో ఊళ్ల కంప్యూటర్లలో ఒకేసారి రాసుకుంటారు. ఎక్కింది చెరపడానికి కంపెనీ వల్ల కూడా కాదు. బెంగళూరులో మాంసం కొనేవాడు బిళ్లను తన ఫోన్‌తో చూస్తే, ఆ గొర్రె ఎక్కడ మేసిందో, కాపరి ఏ పొద్దు ఎన్నింటికి హాజరు వేశాడో కనిపిస్తుంది. మందలో అందరూ మేపు కాలం పొడుగునా హాజరు తప్పకుండా నిలిస్తే గొర్రెల నీలినాలుక జబ్బుకు టీకాలు, పశువుల డాక్టరు ఊరకే. ఒక్కడు తప్పినా మందంతటికీ లేదు.

మంద మళ్ళీ తిరిగొచ్చి బుక్కపట్నం చెరువుకు ఈ పక్క, కోసిన వేరుశనగ చేలో ఉంది. మందకు పెద్ద ఓబుళప్ప, కుళ్లాయప్పకు పెదనాయన కొడుకు. బక్క మనిషి. భుజం మీద కంబళి.

"ముందు బావి చూపించు" అన్నాడు గంగాధరప్ప.

బావి చేనుకు అవతల. పోలీసులు తెచ్చిన తాడు ముక్క ఇంకా గట్టు మీదే ఉంది. గంగాధరప్ప బోర్లా పడుకుని లోపలికి చూశాడు. నీళ్లు లేవు. అడుగున ఒక మూల రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, మోకాలెత్తు. విరిగిన కాలితో పేర్చినవి. పై రాయికీ గోడలోని కానుగ వేరుకూ మధ్య నిలువెత్తు ఖాళీ. వేరు కొసన తెల్ల దారాలు వేలాడుతున్నాయి.

"తువ్వాల విసిరి తగిలించుకుని లేద్దామని చూసినాడు" అన్నాడు గంగాధరప్ప.

ఓబుళప్ప బావి వైపు రాలేదు. ఎడంగా నిలబడ్డాడు.

పక్క చేను గట్టు మీద కాగితం ప్లేట్లు పడి ఉన్నాయి. పసుప్పచ్చ మెతుకులు ఎండి అతుక్కున్నాయి.

"అవి ఎవరివి?"

"ఊరోళ్లవి. సోమారం ఈడ దాకా వచ్చినారంట. చిత్రాన్నం తిని, ఇంక ఈ పక్క చూద్దామని లేచినారంట. అంతలోనే ఫోన్ వచ్చె, ఉండాడంట రండి అని."

గంగాధరప్ప పోయి ఆ ప్లేట్ల దగ్గర నిలబడ్డాడు. "ఓబుళప్పా, బావిలోకి వంగి ఒక కేక వెయ్యి."

"నా వల్ల కాదప్పా."

"వెయ్యి."

చాలాసేపటికి ఓబుళప్ప వంగాడు. కేక వచ్చింది. ఎక్కడో పొలం అవతల ఎవరో ఎద్దును అదిలించినట్టు వచ్చింది. నలుగురు మాట్లాడుకుంటూ తింటుంటే వినపడదు. గంగాధరప్ప బావి వైపు కొంచెం నడిచి, "ఇంకోటి" అన్నాడు. ఈసారి మాట మాట వినిపించింది. ఓబుళప్ప పిలిచింది తమ్ముడి పేరు.

లేచిన వాళ్లు వెనక్కి తిరగకుండా నాలుగు అడుగులు ఇటు వేసి ఉంటే చాలు. ఫోన్ రాకుండా ఉంటే వేసేవాళ్లే.

మంద దగ్గరికి తిరిగి వచ్చారు. ఓబుళప్ప కంబళి పరిచాడు. గంగాధరప్ప కూర్చోలేదు.

"శనివారం ఏమని పోయినాడు?"

"ఈనిన గొర్రె వెనకబడింది, దాన్ని మంద దిక్కు తోలి, అట్లనే ఊరికి పోయి సోమారానికి వస్తా అనె. పాపను చూడల్ల అనె."

"గొర్రె వచ్చిందా?"

"ఆదివారం పొద్దున పిల్లతో వచ్చేసె. సరే, తోలేసి ఊరికి పోయినాడు అనుకుంటి."

"ఊరికి పోయేవాడు ఫోన్ తీసుకుపోడా?"

ఓబుళప్ప పక్కనే ఉన్న రేకు పెట్టె మూత తీశాడు. లోపల గోనెపట్టా మీద ఫోన్లు వరుసగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి ఉంది, ఎవరిది ఏదో తెలిసేదానికి.

"ఊర్లో నొక్కితే ఊరు పడతాది కదప్పా, మంద దగ్గర లేడని తెలిసిపోతాది. అందుకే ఎవురు పోయినా ఫోన్ పెట్టెలో పెట్టి పోతారు. ఈడ సిగ్నల్ లేదు. పొద్దున పెట్టె ఎత్తుకొని ఆ దిబ్బ ఎక్కి అందరివీ నేనే నొక్కుతా."

"దొంగ హాజరు."

"దొంగది ఏంటికైతాది?" ఓబుళప్పకు మొదటిసారి రోషం వచ్చింది. "ఇది కంపెనీ నేర్పింది కాదు. మా నాయన కాలం నుంచీ ఉండాది. ఎరువుకని చేనులో మంద కట్టించుకున్న రైతు మాపటేల వస్తాడు, ఎంతమంది పండుకున్నారని చూసి పోతాడు. పెండ్లికి పోయినోడు ఉంటాడు, జరమొచ్చి పోయినోడు ఉంటాడు. వాని కంబళి కూడా పరుస్తాము. మందలో మనిషి లేడని మందోడు చెప్పడు. రేపు నేను పోతే నాది పరుస్తారు."

"కుళ్లాయప్పది పరిచినారా?"

రోషం పోయింది. ఓబుళప్ప దారాల వైపు చూస్తూ అన్నాడు. "పరిచినాము. శనివారం, ఆదివారం, సోమారం. దాని పక్కనే నేను పండుకుంటి."

"ఆదివారం వాని హాజరు నువ్వే వేసినావు?"

"నేనే."

"సోమవారం?"

"సోమారం వెయ్యలేదు."

"నిజం చెప్పు."

"ఒట్టు. ఫోన్ పైకి లెయ్యలే. చార్జింగ్ లేదు. ఎర్ర దారం, ఇదో ఇదే, అప్పటి నుంచీ ముట్టలేదు. వీని వల్ల టీకాలు పాయ అనుకుంటి. వాన్ని తిట్టుకుంటి కూడా. వాడు ఆ గుంతలో... నేను దిబ్బ మీద నిలబడి వాన్ని తిట్టుకుంటాండా."

"బుధవారం దాకా ఎవురికీ చెప్పలేదా, కుళ్లాయప్ప రాలేదని?"

"చెప్తే లేడని చెప్పినట్టే కదప్పా."

ఆ మాటను తప్పు పట్టే హక్కు గంగాధరప్పకు లేదు. "వాని గొర్రె ఒకటి పట్టుకో" అన్నాడు.

ఓబుళప్ప ఒక గొర్రెను కాళ్ల మధ్య ఇరికించి చెవి పట్టుకున్నాడు. గంగాధరప్ప బిళ్లను తన ఫోన్లో ఫొటో తీసుకుని, దిబ్బ ఎక్కి సిగ్నల్ పట్టి తెరిచాడు. కొనేవాడికి కనిపించే పేజీ వచ్చింది. మంద వాళ్ల పేర్లు, రోజులు, టైములు.

ఆదివారం అందరివీ ఆరు దాటి అయిదు నిమిషాలకు. వరుసగా, ఒకే చేయి నొక్కినట్టు.

సోమవారం అందరివీ ఆరూ పదికి. కుళ్లాయప్పది తొమ్మిదీ నలభై ఒకటికి.

మంగళవారం కూడా కుళ్లాయప్ప హాజరయ్యాడు. తొమ్మిది దాటాక. అప్పటికి ప్రాణం పోయి కొన్ని గంటలు.

"తొమ్మిదిన్నరప్పుడు యాడుంటివి సోమవారం?"

"మందను ధర్మవరం దిక్కు తోలుకొని పోతాంటిమి. పెట్టె గాడిద మీద, తాడు కట్టి."

గంగాధరప్ప ఎర్ర దారం ఫోన్ అడిగి తీసుకున్నాడు. బుక్కపట్నంలో టీ అంగడిలో చార్జింగ్ పెట్టాడు. అది వెలిగాక హాజరు పేజీ చూశాడు. తర్వాత బస్సులో తన సొంత ఫోన్ తీసి ఒకటి చూసుకున్నాడు. జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి మళ్ళీ చూశాడు. హిందూపురంలో దిగాడు.

మందజాడ ఆఫీసు మిద్దె మీద. ప్రసాద్ ఒక్కడే ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, నెట్‌వర్క్‌లో చేరిన వాళ్లు ఎంతమంది నిలుస్తున్నారో లెక్క కట్టడం అతని పని. కుళ్లాయప్ప చావు మీద కంపెనీ తరఫున విచారణ కూడా అతనిదే. ఆ సంగతి గంగాధరప్పకు ముందురోజే తెలిసింది. ఇద్దరూ ఒకే మనిషి చావు వెంట పడ్డారు, చెరొక దారిలో.

"రండి సార్. మీకోసమే కూర్చున్నా. నా రిపోర్ట్ అయిపోయింది, మీకంటే ముందే." కాగితం తిప్పి పెట్టాడు. "ఓబుళప్ప అందరి ఫోన్లూ పెట్టుకుని దొంగ హాజరు వేశాడు. కంపెనీ మోసపోయింది, మీరూ మోసపోయారు. కింద మీరు ఒక సంతకం పెడితే కుళ్లాయప్ప భార్య మీద మాట పోతుంది. మంచిపనే కదా?"

గంగాధరప్ప కాగితం చదివాడు. అందులో అబద్ధం ఎక్కడుందో చెప్పడం కష్టం. రెండోసారి కూడా చదివాడు.

"ప్రసాదూ, ఈ నిలకడ లెక్క ఏందో ఇంకోసారి చెప్పు. నాకు సరిగ్గా ఎక్కలేదు."

ప్రసాద్‌కు ఇష్టమైన మాట అది. కంప్యూటర్ తిప్పాడు. రంగుల గళ్లు. "సింపుల్ సార్. ఒక నెలలో వంద మంది చేరారు. మరుసటి నెలలో వాళ్లల్లో ఎంతమంది ఇంకా వస్తున్నారు? ఆ తర్వాతి నెలలో? అంతే. ఎక్కడైనా మూడో నెలకు సగం రాలిపోతారు. రంగు తేలిపోతూ వస్తుంది చూడండి. ఈ వరుస చూడండి ఇప్పుడు. ఓబుళప్ప మంద. చివరి దాకా ముదురు పచ్చే. ఒక్కడూ రాల్లేదు."

"మనుషులా?"

"తాళంచెవులు. ప్రతి ఫోన్లో ఒకటి ఉంటుంది, అంకెలతో చేసిన తాళంచెవి, కంటికి కనపడదు. అది వాడితే ఒక హాజరు. దాని వెనక మనిషి ఒకడా, పదిమందా, నెట్‌వర్క్‌కు తెలీదు. ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే. మేము మనుషులను లెక్కపెట్టం సార్."

"మరి సోమవారం నేనడిగితే, మనిషి మంద దగ్గరే ఉన్నాడు అంటివే."

ప్రసాద్ కంప్యూటర్‌ను తిరిగి తన వైపు తిప్పుకున్నాడు. "వాడుక మాట. అట్లా అంటాం."

"ఫోన్ పోగొట్టుకుంటే తాళంచెవి కూడా పోతుందా?"

"పోదు. కాపరులు రోజూ పోగొట్టుకుంటారు. మారు తాళంచెవి ఆఫీసులో ఉంటుంది."

"ఎవరి చేతిలో?"

ప్రసాద్ తన కంప్యూటర్ వైపు చూశాడు.

గంగాధరప్ప ఎర్ర దారం ఫోన్ బల్ల మీద పెట్టాడు. "ఇది కుళ్లాయప్పది. చార్జింగ్ పెట్టి తెచ్చినా. దీంట్లో ఆఖరి హాజరు ఆదివారానిది. సోమవారానిది దీంట్లో నుంచి పోలేదు." పక్కన తన ఫోన్ పెట్టాడు. "సోమవారం నీకు నేను ఫోన్ చేసింది తొమ్మిదీ ఇరవై రెండుకు. చూసి చెప్తానంటివి. తిరిగి చేసింది తొమ్మిదీ యాభైకి. కుళ్లాయప్ప సోమవారం హాజరు తొమ్మిదీ నలభై ఒకటికి."

"ఒక్కోసారి లేటుగా ఎక్కుతాయి సార్, నెట్‌వర్క్ బిజీగా..."

"చెరిపేద్దువు, చేతనైతే. కాదు కదా? అదే గొప్ప అని నువ్వే చెప్తాంటివి అందరికీ."

ప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. మామూలు గొంతుతోనే మాట్లాడాడు.

"మంగళవారం బెంగళూరు నుంచి పెద్దవాళ్లు వచ్చారు సార్. ఈ నెట్‌వర్క్ ఉంచాలా తీసేయాలా అని చూడ్డానికి. నేను చూపించడానికి ఉన్నది ఆ ఒక్క వరుసే. మీరు ఫోన్ చేశాక తెరిచి చూస్తే ఒక గడి ఖాళీ. ఫోన్ చార్జింగ్ లేక పడలేదు అనుకున్నా. అదే నిజం కూడా, మీరే అంటున్నారు. మనిషి బావిలో ఉన్నాడని నాకు కల వచ్చిందా?"

"నాకు ఉన్నాడని చెప్పకుండా, ఖాళీ ఉందని చెప్పింటే?"

"చెప్పాల్సింది."

"నేను ఫోన్ చెయ్యకుండా ఉండింటే?"

ప్రసాద్ ఆయన వైపు చూశాడు. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక అతని గొంతులో ఏదో తేలిక వచ్చింది.

"చూసేవాణ్ణే కాదు. రాత్రికి లెక్క కడతాం, పేరుపేరునా పొద్దున ఎవరు చూస్తారు? మీరు అడిగారు కాబట్టి చూశా. చూశా కాబట్టి నింపా. మీరు అడక్కుండా ఉంటే ఆ గడి సోమవారమంతా ఖాళీగానే ఉండేది."

గంగాధరప్ప బస్సులో రెండుసార్లు చూసుకున్నది అదే. ఇంకో మనిషి నోటి నుంచి వినడం వేరుగా ఉంది. తను అడక్కుండా ఉంటే సుధ ఊరోళ్లను వెనక్కి పిలిచేది కాదు. వాళ్లు చిత్రాన్నం తిని లేచి బావి దిక్కు వచ్చేవాళ్లు. వెతికేవాడు అడిగినందుకే ఆ పొద్దు కుళ్లాయప్ప హాజరయ్యాడు.

"పోయి చెప్పండి సార్" అన్నాడు ప్రసాద్. "నేను ఒక గడి నింపా, ఒప్పుకుంటా. ఆమెకు నీ మొగుడు ఉన్నాడు, వెతకొద్దు అని చెప్పింది నేనా? ఆమె గొంతు ఎట్లుంటుందో కూడా నాకు తెలీదు. ఇది బయటికి వస్తే మీ పేరు మొదట వస్తుంది, నాది తర్వాత. ఇరవై ఏండ్లు చావు కేసులు చూసిన మనిషి మొహం చూడకుండా చెప్పాడంటారు. మళ్ళీ హిందూపురంలో మీకు ఎవరు పని చెప్తారు?"

పెన్ను కాగితం మీద పెట్టి ముందుకు జరిపాడు.

"ఓబుళప్ప దొంగ హాజరు వేసింది నిజమా కాదా?"

"నిజమే."

"ఆమెకు మేలు జరుగుతుందా లేదా?"

"జరుగుతుంది."

"మరింకేం?"

గంగాధరప్ప పెన్ను ముట్టలేదు. ముట్టకుండా చాలాసేపు దాన్నే చూశాడు. ఆ చూసినంత సేపు ఓబుళప్ప గుర్తు రాలేదు, సుధ గుర్తు రాలేదు. తన గుమ్మం పక్కన ఉన్న తన పేరు బోర్డు గుర్తొచ్చింది. రెండు ఫోన్లూ తీసుకుని లేచాడు.

"రేపు పదింటికి పోలీసులకు పంపిస్తా" అన్నాడు ప్రసాద్ వెనక నుంచి. "మీ సంతకం ఉన్నా, లేకపోయినా. అందులో ఓబుళప్ప పేరు తప్ప ఇంకెవరిదీ ఉండదు. ఆలోచించుకోండి."

మరుసటి పొద్దున మొదటి బస్సుకు గంగాధరప్ప ఎర్రమంచి దగ్గర దిగి ఆ ఊరికి నడిచాడు. ఇంటి ముందర సుధ అన్న మోటారు సైకిల్ నిలబెట్టి ఉంది. అరుగు మీద రేకు పెట్టె. దాని మీద మడతపెట్టిన దుప్పటి. పాపను పక్కింటికి పంపించినట్టున్నారు, కనపడలేదు. వీధిలో నలుగురైదుగురు నిలబడి ఏమీ చూడనట్టు చూస్తున్నారు.

రామాంజినమ్మ, "మళ్ళీ వచ్చినావేమప్పా?" అంది.

గంగాధరప్ప చెప్పులు విడిచాడు. అరుగు ఎక్కలేదు. వీధిలో వాళ్లకు కూడా వినిపించేటట్టు చెప్పాడు.

"వెతికేది ఆపించింది నీ కోడలు కాదమ్మా, నేను. ఆమె ఊరోళ్లను పంపించి, నాకూ ఫోన్ చేసింది. ఫోన్ స్విచ్చాఫ్ ఉందని కూడా చెప్పింది. నేను లెక్కచెయ్యలేదు. కంపెనీవాడు ఉన్నాడంటే, ఉన్నాడు, వెనక్కి పిలిపించమని ఆమెతో నేనే అంటి. నేను పోయి చూడలేదు."

సుధ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

రామాంజినమ్మ ఆయనను కాళ్ల నుంచి తల దాకా చూసింది. తిడుతుందని అనుకున్నాడు. తిట్టలేదు.

"ఆ పొద్దు నువ్వు యాడుంటివి?"

"ఇంట్లో."

"ఏం చేస్తాంటివి?"

"టిఫిన్ తింటాంటి."

"తిన్నావా పూర్తిగా?"

"తిన్నానమ్మా."

ఆమె తల ఊపింది, తనకు తెలియాల్సింది అదొక్కటే అన్నట్టు. సుధ అన్న వైపు చూసి, "పెట్టె లోపల పెట్టు నాయనా" అంది. అతను లేవలేదు. సుధే వచ్చి ఎత్తుకుంది. బరువుకు వంగింది. గంగాధరప్ప చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు. ఆమె ఆయన వైపు చూడకుండా లోపలికి పోయింది.

ఆయన పెనుకొండ బస్సు కోసం నిలబడలేదు. నడిచాడు. పదింటికి ముందే పోలీస్ స్టేషన్లో రైటర్ ముందర కూర్చున్నాడు. రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టాడు.

"ఫిర్యాదు ఇచ్చేదెవరు?" అన్నాడు రైటర్.

"గంగాధరప్ప, హిందూపురం."

"ఎవరి మీద?"

"ఇద్దరి మీద. రెండో పేరు ప్రసాద్."

"మొదటిది?"

"ఇప్పుడు రాసినారు కదా. అదే ఇంకోసారి రాయండి."